164 పేజీల స్క్రిప్టు: సెకండాఫ్ ఒక్కటే తిరగరాయాల్నా, మొత్తం మళ్ల మొదటి నుంచా?

డీటీపీ తమ్ముడు (హన్మకొండ)

అందరికి నమస్తే. హన్మకొండల ఒక డీటీపీ షాపుల పనిచేస్త. పొద్దంత పెండ్లి కార్డులు, థీసిస్‌లు, ఫ్లెక్సీలు. షట్టరు గుంజినంక నా రాసుడు. ఎట్లనో ఫుల్ లెంత్ స్క్రిప్టు ఒకటి ఒడగొట్టిన. 164 పేజీలు. ఎడమ దిక్కు సీను, కుడి దిక్కు డైలాగులు, మనోళ్ల పాత పద్ధతే.

కథ జల్ది చెప్త. ఐలయ్య ఎనుమాముల మార్కెట్ల దడ్వాయి. మిర్చి బస్తాలు కాంటా మీద పెడుతుంటె తూకం రాసే మనిషి. ఆయన రాసిన లెక్క మీదనే రైతుకు తక్‌పట్టీ, అంటె అమ్మకం లెక్క చీటీ, వస్తది. తరుగు పేరు మీద బస్తాకు రెండు కిలోలు తక్కువ రాసుడు ఆయనకు ఎన్నో ఏండ్ల అలవాటు, అడ్తి సేటు (కమీషన్ మీద రైతు పంట అమ్మిపెట్టేటాయన) చెప్పినట్టు. బిడ్డ స్వరూపను అక్క కొడుక్కే ఇస్తమని మాటైంది. ఆ యాసంగిల అక్క మొగడు, బావ కొమురయ్య నర్సంపేట దిక్కు నుంచి మిర్చి ఏసుకొని సరిగ్గ ఐలయ్య కాంటా కాడికే వస్తడు. హైదరాబాద్ నుంచి ఒక జర్నలిస్టు కూడ వస్తడు, మార్కెట్ మీద స్టోరీ చేయనీకి. ఇంటర్వెల్‌కు యార్డుల మంటలు లేస్తయి. సెకండాఫ్ల మంట వెనక ఎవలున్నరు అని జర్నలిస్టు తవ్వుడు, హమాలీల సమ్మె, ఆఖరుకు ఒక ఆదివారం యార్డుల మీటింగు, ఐలయ్య మైకు పట్టుకొని నిజం చెప్పుడు.

హైదరాబాద్ల ఒక ఆఫీసుల నరేషన్ ఇచ్చిన. ‘ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ ల్యాగ్, ఒక కామెడీ ట్రాక్ పెట్టుకొని రా’ అన్నరు. ఇంట్ల మా అన్న చదివి ‘అసలు హీరో ఎవడురా, ఐలయ్యా, ఆ పేపరాయనా?’ అన్నడు. దోస్తు ఒకడు డైలాగులల్ల పంచ్ తక్కువైందన్నడు. ముగ్గురు మూడు చెప్తె ఎవలి మాట పట్టుకోవాలె? సెకండాఫ్ ఒక్కటి మారిస్తె సాల్తదా? 164 పేజీలు ఎక్కువనా? ఇంకోటి, ఇదంత అను ఫాంట్‌ల, పేజ్‌మేకర్‌ల కొట్టిన. నవ్వకుండ్రి.

జంపన్న వాగు

కామెడీ ట్రాక్ పెట్టు తమ్మీ, జర్నలిస్టుకే పెట్టు. మిర్చి యార్డుల ముక్కుకు గుడ్డ లేకుండ నిలబడనియ్. పది నిమిషాలు తుమ్మి తుమ్మి హైదరాబాద్ బస్సెక్కుతడు. నీ సెకండాఫ్ సమస్య కూడ పోతది.

సీన్ పేపర్ (గోదావరిఖని, ఇప్పుడు హైదరాబాద్)

పైన అన్న నవ్వులాటకన్నడు గని సగం నిజం చెప్పిండు.

తమ్మీ, నేను రైటింగ్ డిపార్ట్‌మెంట్ల పనిచేస్త. సీన్ ఆర్డర్లు కట్టుడు, ఒకలు రాసిన వెర్షన్ ఇంకొకలు తిరగరాసుడు, అది మళ్ల మొదటాయనకు నచ్చక వెనుకకు వచ్చుడు, ఇదే మా బతుకు. నీ స్క్రిప్టు చదువలే. నువ్వు ఈడ రాసిన కథ పట్టుకొనే చెప్తున్న.

ల్యాగ్ అన్నకాడ దెబ్బ ఉండదు. అంతకంటె ముందు ఎక్కడ్నో తాకి ఉంటది. నీకు తాకింది ఇంటర్వెల్ కాడ. యార్డుల మంటలేసినయి, సరే. జనం ఉలిక్కిపడ్తరు, సమోసాలకు పోతరు. మళ్లొచ్చి కూసున్నంక వాళ్ల మనసుల ఏం ప్రశ్న ఉంటది? మంట ఎవలు పెట్టిన్రు అని. ఆ ప్రశ్నకు ఐలయ్య దగ్గర జవాబు లేదు, పని కూడ లేదు. అందుకే జర్నలిస్టు ముందుకొచ్చిండు, ఐలయ్య పక్కకు జరిగిండు. అప్పటిదాక సొంత బావకు తప్పు లెక్క రాసే మనిషి కథ చూసినం. ఆడికెళ్లి ఎవలో చేసిన నేరం కథ చూస్తున్నం. మీ అన్న అడిగింది గదే. ముగ్గుర్ల అసలు రోగం పట్టుకున్నది ఆయనే, సినిమా మనిషి కాకపోయినా.

ముగ్గురి మాటా పారేయకు. ఎవలికి ఎక్కడ ఇసుగొచ్చింది అన్నది పక్కా సాక్ష్యం, రాసిపెట్టుకో. మందు మాత్రం వాళ్లను అడుగకు. కామెడీ ట్రాక్ అనేది ఆఫీసుల్ల అందరికి నోటికొచ్చే మందు.

ఇప్పుడు పని సంగతి. ఫైలు తెరువకు. తెల్లకాయితం తీసుకొని స్క్రిప్టు చూడకుండ సీన్ ఆర్డర్ రాయి, సీనుకొక్క లైను. ఆ లైనుల ‘ఏమైంది’ అని రాయొద్దు, ‘ఎవలు ఏం చేసిన్రు, దానితోని ఏం మారింది’ అని రాయాలె. ‘మంటలు లేచినయి’ అనే లైను ఈ లెక్కల నిలబడదు చూడు, ఎవలు చేసిన్రో లేదు. నీకు యాదికి రాని సీన్లు ఉంటయి. నువ్వే రాసి నువ్వే మర్సిపోయిన సీను చూసెటోనికి యాదుంటదా? ఆఖరుకు అసలు స్క్రిప్టుతోని సరిచూడు. యాది రానివాట్ల పనికొచ్చే ముక్క ఏదన్న ఉంటె దాన్ని పక్క సీనుల కలుపు, మిగిలింది కోసెయ్.

ఇగ ఇంటర్వెల్. ఒకటి చెప్త, నచ్చితె తీసుకో. కొమురయ్యకు చదువు రాదనుకో. మిర్చి ఏరే రోజుల్ల స్వరూప మేనత్త ఇంటికి పోతది, కాబోయే అత్తగారిల్లే గదా. మార్కెట్‌కు పోయేముందు కొమురయ్య ఇంటికాడనే కాంటా పెడ్తడు. ఆయన అంటుంటె స్వరూప సుద్దముక్కతోని తలుపు మీద రాస్తది. 22 బస్తాలు, 9 క్వింటాళ్ల 40 కిలోలు. చిన్న సీను, నవ్వుకుంట పోయే సీను. ఇది కథల ముందే వచ్చిపోవాలె, జనం పట్టించుకోవద్దు.

తర్వాత మార్కెట్ల ఐలయ్య రాస్తడు. సేటు నిలబడి చూస్తుంటడు. బస్తాకు రెండు కిలోలు తీస్తె 8 క్వింటాళ్ల 96. తక్‌పట్టీ కొమురయ్య చేతికొస్తది. అప్పుడే స్వరూప నాయినకు సద్ది పట్టుకొని వస్తది. ‘బిడ్డా, ఎంతున్నదో చదువు’ అని మామ కాయితం ఆమె చేతుల పెడ్తడు. ఆమె చూస్తది. తలుపు మీద లెక్క తను రాసిందే. నాయిన ఇటు తిరుగడు, వేరే బస్తా తూకం రాస్తనే ఉంటడు. ఆమె చదువుతది: ‘తొమ్మిది నలభై, మామా.’

ఇంటర్వెల్.

ఇప్పుడు జనం సమోసా తినుకుంట ఏం మాట్లాడుకుంటరు? ‘పైసలు లెక్కపెట్టేటప్పుడు ఏం చేస్తది?’ అంటరు. క్వింటాలుకు 14,000 పడ్డదనుకో, 44 కిలోలకు 6,160 రూపాయలు తక్కువొస్తయి. ఆ 6,160కు ఇంకో అబద్ధం కావాలె. ఆ అబద్ధానికి అత్త అడ్డం పడ్తది, ఆడోళ్లకు లెక్కలు తెల్సుగదా. తలుపు మీద సుద్ద ఎవలన్న తుడుస్తరా? పెండ్లికి రంగు ఏస్తె పోతదా? నీ సెకండాఫ్ దానంతట అదే నడుస్తది. నేరం ఇంట్లనే ఉన్నది, తవ్వనీకి హైదరాబాద్ నుంచి ఎవలు రానక్కర లేదు.

మంట తీసెయ్. తీయబుద్ధి కాకపోతె మొదటి పావుగంటల్లకు జరుపు, సేటుకు నష్టమైందని, అందుకే ఈసారి తరుగు గట్టిగ తీయమంటున్నడని పెట్టుకో. అట్లయితె మంటకు ఒక పని దొరుకుతది.

జర్నలిస్టు గురించి. ఆయనను నువ్వు ఎందుకు పెట్టినవో చెప్పన్నా? మార్కెట్ల జరిగేది బయటోళ్లకు అర్థం కాదని భయం. పందెం కాస్త, ‘జెండా పాట అంటే ఏంటండీ?’ అని ఆయన అడుగుతడు, ఐలయ్య అరపేజీ చెప్తడు. ఉన్నదా లేదా? ఆ సీను తీసి ఇట్ల రాసి చూడు. పొద్దుగాల జెండా పాట. ఒక్క మంచి కుప్ప మీద వ్యాపారులు పాడ్తరు. ధర 20,000 దాక పోతది. కొమురయ్య గుంపు వెనక మడిమలు లేపి చూస్తడు, ధర చెవిల పడ్తది, పక్కకొచ్చి ఇంటికి ఫోన్ చేసి ఏళ్ల మీద లెక్క చెప్తడు. మధ్యాహ్నం ఖరీదుదారు ఈయన కుప్ప కాడికొస్తడు. అడుగు నుంచి ఒక కాయ గుంజి చెవి దగ్గర పెట్టి విరుస్తడు. కాయ మెత్తగ వంగుతది, చప్పుడు రాదు. ‘తేమున్నది. తాలు కూడ కలిసింది. పద్నాలుగు’ అంటడు, పక్క కుప్పకు పోతడు. కొమురయ్య తనూ ఒక కాయ తీసి చెవి దగ్గర విరిచి చూసుకుంటడు. ఫోన్ మోగుతది, ఇంటికెళ్లే. ఎత్తడు.

జెండా పాట అనే మాటకు అర్థం ఎవలూ చెప్పలే. పొద్దుగాల పాడిన ధర ఒక్క కుప్పకే, మిగిలినోళ్లకు వచ్చేది వేరే అని సిన్మా చూసే అమలాపురపాయనకు కూడ తెలుస్తది.

ఇంకోటి అడుగుత: నీ కథ ఏ సంవత్సరం? ఇది తేల్చకుండ ఒక్క పేజీ తిరగరాయకు. ఈ-నామ్, అదే ఆన్‌లైన్ల పంట అమ్ముడు, మొదలైంది 2016ల. కథ అంతకు ముందు పెడ్తె ఒక తీరు, తర్వాత పెడ్తె లాట్ నంబర్లు, ఫోన్ల ధర వేసుడు, ఇంకో తీరు. కాంటా కూడ అంతే. ఎలక్ట్రానిక్ కాంటా ఉంటె ముల్లు కాడ మోసం చూపించలేవు, అంకె అందరికి కనపడ్తది. మోసం కాయితం మీదనే జరగాలె, ‘తరుగు’ అనే ఒక్క మాటతోని. నా లెక్కల నీ కథకు అదే మంచిది. ఎవలికి తెలియని దొంగతనం కాదు, అందరి ముందట జరిగి అందరు ఒప్పుకున్నది.

మొత్తం మళ్లనా అంటె, అవును. కొత్త ఫైలు తెరువు. కొత్త సీన్ ఆర్డర్ పక్కన పెట్టుకొని మొదటి సీను నుంచి కొట్టు. పాత ఫైలు నుంచి కాపీ పేస్టు చేయకు. ఉంచుకునే సీనైనా సరే, చూసి మళ్ల టైపు కొట్టు. నీది టైపింగ్ చేయే గదా, బాధేముంది. వేళ్లతోని మళ్ల కొడ్తుంటె పనికిరాని లైను కాడ చెయ్యి దానంతట అదే ఆగుతది. పేస్టు చేస్తె కండ్లు దాటిపోతయి.

డైలాగులు అన్నిట్ల ఆఖరు. సీను ఉంటదో పోతదో తెల్వకముందే పంచులు చెక్కితె తర్వాత ఆ పంచు కోసం సీను ఉంచుకుంటవు. కొత్త వెర్షన్ ఒడిసినంక ఒక పని చెయ్: ఐలయ్య డైలాగులు ఒక్కటే వరుసగ చదువు, మిగతావి మూసి. ఆయన మొదట ఎట్ల మాట్లాడ్తడు, ఆఖరుకు ఎట్ల మాట్లాడ్తడు, తేడా ఉన్నదా? తర్వాత స్వరూపవి. ఇద్దరివి ఒకే తీరుగ ఉంటె అవి నీ మాటలు, వాళ్లవి కావు.

ఆ మైకు క్లైమాక్సు ఉంచకు. ఏండ్ల కొద్ది కాయితం మీద తప్పు చేసిన మనిషి మైకుల ఒప్పుకుంటె నేను నమ్మ. కాయితం మీదనే ఏదన్న చేయనియ్.

164 పేజీలకు భయపడకు. పేజీకి నిమిషం అనే లెక్క ఇంగ్లీషోళ్ల ఫార్మాట్‌ది, కొరియర్ ఫాంటు 12 పాయింట్ల ఒక్క కాలమ్‌ల రాస్తె వచ్చేది, అది కూడ అందాజుకే. మన రెండు కాలమ్‌ల పద్ధతికి, అందుల అను ఫాంటుకు ఆ లెక్క నడువదు. ఫోన్ల స్టాప్‌వాచ్ పెట్టి సీనుకు సీను బయటికి చదువు, చూపులు, నడకలు మనసుల అనుకుంట. రెండున్నర గంటలు దాటితె అప్పుడు బాధపడు.

పాత నాటకం (వరంగల్)

పై అమ్మాయి చెప్పింది శ్రద్ధగా చదివాను. చాలావరకు ఒప్పుకుంటాను, జర్నలిస్టు సంగతి తప్ప. మేము పరిషత్తు నాటకాలు ఆడిన రోజుల నుంచి నాకున్న అనుభవం చెప్తున్నాను. కథలో అందరూ లోపలివాళ్లే అయితే ఎవరూ ఏ ప్రశ్నా అడగరు. ఒగ్గు కథలో చూడండి, ప్రధాన కథకుడి పక్కన వంతపాటగాడు ఉంటాడు. ‘అయితే ఏమాయె?’ అని వాడు అడిగితేనే కథ ముందుకు పోతుంది. ఆ మనిషి జర్నలిస్టే కానక్కర లేదు, కొత్తగా పనిలో చేరిన హమాలీ పిల్లగాడైనా చాలు. ఒకడుండాలి.

డీటీపీ అబ్బాయికి ఒక సలహా. నరేషన్ ఇచ్చి అభిప్రాయం అడగడం వేరు, రీడింగ్ పెట్టడం వేరు. నరేషన్‌లో నువ్వు చేతులు ఊపుతావు, గొంతు మారుస్తావు, స్క్రిప్టులో లేనిది నీ మొహంలో కనిపిస్తుంది. రీడింగ్‌లో నువ్వు చదవకూడదు. నాటకం వాళ్లను నలుగురైదుగురిని పిలువు. మన దగ్గర వాళ్లకు కరువు లేదు, కళాప్రాంగణంలో ప్రదర్శన ఉన్న సాయంత్రం వెళ్తే అందరూ అక్కడే దొరుకుతారు. తలా ఒక పాత్ర ఇవ్వు, సీను వివరాలు ఇంకొకరు చదవాలి. నువ్వు మూలన కూర్చో. ఎవరైనా ‘ఇదేంటి?’ అని అడిగినా జవాబు చెప్పకు, పేజీ అంచున గీత పెట్టు. చదివేవాడి నాలుక తడబడ్డ చోట మాట తిరగరాయాలి. వినేవాడు ఫోన్ తీసిన చోట సీను తిరగరాయాలి.

కాపీ పేస్టు వద్దన్న మాట మాత్రం బంగారం. మేము నాటకం తిరగరాయడమంటే కొత్త నోటుబుక్కు కొనడమే.

సీన్ పేపర్

సార్, నమస్తే. వంతపాటగాడు కథకుని మనిషి, కథల మనిషి కాదు. ఆయన అడిగేది జనం తరఫున, మల్లన్న కథల ఆయనకు వేషం ఉండదు. ఈ జర్నలిస్టుకు సెకండాఫ్ మొత్తం వేషమిచ్చి కూసోబెట్టిండు తమ్ముడు. హమాలీ పిల్లగాడంటె ఒప్పుకుంట, కాకపోతె వానికి కూడ ఏదన్న అక్కర ఉండాలె. స్వరూప రాసిన సుద్ద లెక్క చూసినోడు వాడే అయితె? రీడింగ్ మాట మాత్రం వెయ్యి పాళ్లు నిజం.

సేటు కొడుకు (వరంగల్)

మాది అడ్తి దుకాణమే, కాబట్టి కొంచెం కడుపుమంటతోనే రాస్తున్న. అందరు అడ్తిదారులు దొంగలు కాదు. రైతుకు పెట్టుబడికి అప్పు ఇచ్చేది మేమే, పంట పోతె ఆ అప్పు మునిగేది మాదే. నీ సేటును ఒట్టి విలన్‌గ రాస్తె మార్కెట్ల ఎవ్వడు నమ్మడు. కొమురయ్య సేటుకు బాకీ ఉన్నడని పెట్టు, అప్పుడు తరుగు తీస్తున్నా నోరెందుకు లేవదో అర్థమైతది.

ఇంకోటి, ఆదివారం యార్డుల మీటింగు అన్నవ్. ఆదివారం మార్కెట్‌కు సెలవు, ఆడ కుక్కలు తప్ప ఎవలుంటరు? బస్తాల మీద నిలబడి వినే రైతులను ఏడికెళ్లి తెస్తవ్? అట్లనే ‘మిర్చి’ అని ఊకె రాయకు. మా దగ్గర మిర్చి అనరు, తేజ అంటరు, వండర్ హాట్ అంటరు, చపాటా అంటరు, ఒక్కోదానికి ఒక్కో ధర. కొమురయ్య ఏం పెట్టిండో నువ్వు తేల్చాలె. చపాటా అయితె కాయ లావుగ టమాటా తీరుగ ఉంటది, రంగు మస్తు, కారం తక్కువ. కెమెరాకు మంచిగుంటది.

డీటీపీ తమ్ముడు

అక్కా, జెండా పాట సీను ఉన్నది. అరపేజీ కాదు, ముప్పావు పేజీ. జర్నలిస్టే అడుగుతడు. ఎట్ల తెలిసింది!

సెలవు సంగతి, బాకీ సంగతి రెండూ రాసుకున్న అన్నా. కొమురయ్యకు చపాటానే ఖాయం చేస్తున్న. సంవత్సరం 2015, ఈ-నామ్ రాకముందు యాసంగి. సార్, రీడింగ్‌కు మనుషులను మాట్లాడుత.

ఒక్కటి తెగుతలేదు. స్వరూప ‘తొమ్మిది నలభై’ అని చదివినంక పెండ్లి ఆగిపోవాల్నా? ఆగితేనే సెకండాఫ్ బరువుంటదని మా అన్న అంటున్నడు.

సీన్ పేపర్

ఆపకు. పెండ్లి ఆగితె ఆమె నాయిన ఇంట్లనే ఉంటది, అబద్ధం కూడ నాయిన ఇంట్లనే ఉంటది, కథ అయిపోతది. పెండ్లి జరిగితె ఆమె పోయేది ఆ తలుపున్న ఇంటికే. రోజూ ఆ తలుపు తీసుడు, వేసుడు ఆమే. ఐలయ్య బిడ్డను చూడనీకి పోయిన ప్రతిసారి ఆ గడప దాటాలె. పెండ్లిని ఇంటర్వెల్ అయిన పది నిమిషాలల్ల పెట్టి చూడు, ఆఖరుకు దాచుకోకు. మీ అన్నకు చెప్పు, ఈసారి ఆయన తప్పు.

అను నుంచి యూనికోడ్‌కు మార్చుడు నీకు నేను చెప్పాల్నా? ఎవలకన్న పంపేముందు మార్చు, లేకుంటె ఫాంటు లేని ఫోన్ల అంత గజిబిజి అక్షరాలే కనపడ్తయి. మార్చినంక ఒత్తులు ఒకసారి చూసుకో, కన్వర్టర్ల అవే చెడుతయి. ముందు సీన్ ఆర్డర్ ఒక్కటే ఈడ పెట్టు, సీనుకొక్క లైను. స్క్రిప్టు ఇప్పుడే పంపకు, చదువ.